గులాబీ తోటలో బాతులు

ఏలూరు,
15-10-1934.

తమ్ముడు క్రీస్తుదాసుకు, మరదలు వరమ్మకు అక్క హన్నమ్మ దీవెనలు.

వారం నుంచి పట్టిన ముసురు నిన్న విడిచింది. పొద్దున ఎండ కాస్తే బోర్డింగు పిల్లల చాపలు, దుప్పట్లు దడి మీద వేయించాను. మధ్యాహ్నం కుట్టుపని క్లాసు ముగించుకొని తోటలోకి వెళ్ళాను. మిషను దొరసాని గారి గులాబీలు చూశాను. ఆకులన్నీ జల్లెడ. కొన్ని కొమ్మలకు ఈనెలు తప్ప ఏమీ లేవు. కింద మట్టి మీద ఆవాలు పోసినట్టు నల్లగా పురుగుల పెంట. ఆకు తిరగేసి చూస్తే బూడిదరంగు పురుగులు. నడుము విల్లులా పైకెత్తి నడుస్తున్నాయి. కొమ్మకు అంటుకొని పడుకుంటే ఏది కొమ్మో ఏది పురుగో తెలియడం లేదు.

ఈ మొక్కల సంగతి నీకు చెప్పాను. దొరసాని గారు సెలవు మీద వాళ్ళ దేశం వెళ్తూ, "హన్నమ్మా, నేను తిరిగి వచ్చేసరికి ఇవి ఇలాగే ఉంటే తోట పనీ, వెనక గదీ నీకే ఖాయం చేస్తాను" అన్నారు. జనవరిలో వస్తారు. అంతదాకా బడి పెత్తనం మేనేజరు సత్యానందం గారిది. ఆయన బావమరిదికి ఊళ్ళో చోటు లేదు. ఆయన అప్పుడప్పుడు నా గుమ్మం ముందు ఆగి, గది పైకప్పు చూసి వెళ్తుంటారు.

మీ బావ పోయాక నాకూ సుగుణకూ నీడ ఈ గదే. ఇది పోతే పిల్ల చదువు ఈ ఏటితో ఆగుతుంది. ఇంకొక్క పరీక్ష అయితే ట్రైనింగులో చేరుతుంది.

నువ్వు పొలాల మీద తిరిగేవాడివి. ఈ పురుగుకు ఏం చెయ్యాలో వెంటనే రాయి.

అక్క,
హన్నమ్మ.


కొల్లేటి లంక,
23-10-1934.

అక్కకు క్రీస్తుదాసు వందనాలు.

ఇక్కడ వాన వెలిసింది గాని నీళ్ళు దిగలేదు. బాతుల దొడ్డి దాకా కొల్లేరే. వరమ్మ మంచం మీద పొయ్యి పెట్టుకొని వండుతున్నది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మీ అక్కగారికి పూల బెంగ, నాకు పుల్లల బెంగ" అన్నది. నవ్వుతూనే అన్నదిలే.

నువ్వు రాసింది ఆముదం పురుగు. దానికి గులాబీ అసలు తిండి కాదు. పక్కన ఎక్కడో ఆముదపు చెట్లుండి ఉంటాయి. అక్కడ ఆకు అయిపోయాక ఇటు దిగింది. ఆ చెట్లు ఎవరివో చూసి ముందు వాటిని కొట్టించు. రోజూ మంచు ఆరకముందే పురుగులను ఏరి ఉప్పునీళ్ళ చట్టిలో వెయ్యి. బజారులో జంగారెడ్డిగూడెం పొగాకు కాడలు దొరుకుతాయి. నానబెట్టి, కాచి, అందులో సబ్బు ముక్క కరిగించి చీపురుతో చిలకరించు. ఆకు అడుగున తగలాలి. పైన ఎంత పోసినా దండగ.

అసలు మందు నా దగ్గర ఉంది. డిసెంబరులో దెందులూరు బంగార్రాజు గారి చేలు కోతలవుతాయి. ఎప్పటిలాగే మందను అటు తోలుకెళ్తాను. ఆయన మరెవరి బాతులనూ గట్టు దిగనివ్వరు. నా మందకు ఏ జబ్బూ ఉండదని నన్నొక్కణ్ణే రానిస్తారు. ఆ చేలలో రాలిన గింజే వేసంగి దాకా మాకు బతుకు. దారిలో ఒక పూట నీ తోటలో దించుతాను. నేను కొమ్మలు దులుపుతాను, కింద పని అవి చూసుకుంటాయి. ఆ తరువాత ఒక్క పురుగు కనబడితే నా పేరు మార్చి పెట్టు.

తమ్ముడు,
క్రీస్తుదాసు.


ఏలూరు,
20-11-1934.

తమ్ముడికి హన్నమ్మ దీవెనలు.

చలి మొదలైంది. సుగుణా నేనూ పొద్దున్నే చట్టి పట్టుకొని తోటలోకి వెళ్తున్నాము. పిల్లకు మొదట్లో పురుగును ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు పాఠం అప్పజెప్పుకుంటూ ఏరుతున్నది. పొగాకు నీళ్ళతో కొన్నాళ్ళు తగ్గి, గుడ్లు పగిలి మళ్ళీ వచ్చాయి.

ఆముదపు చెట్లు కనబడ్డాయి. సత్యానందం గారి దొడ్లోవి. ఆయన చెట్లు కొట్టించమని నేనెలా చెప్పను? ఒకసారి నోటి దాకా వచ్చింది. "ఏమిటి హన్నమ్మ గారూ, ఏదో అనబోయారు?" అని ఆయనే అడిగారు. "ఏమీ లేదండీ" అన్నాను.

ఆయనే ఎవరి చేతో ఏదో పొడి తెప్పించి ఇచ్చారు. చల్లాక పురుగు రాలిపోయింది. ఎర్ర చిగుళ్ళు వస్తున్నాయి. కాబట్టి నువ్వు బాతులను పనిగట్టుకొని తేనక్కరలేదు. నువ్వు మాత్రం రా. నిన్ను చూసి ఏడాది దాటింది. బాతులను కాలవ గట్టున ఆపుకోవచ్చు.

అక్క,
హన్నమ్మ.


కొల్లేటి లంక,
10-12-1934.

అక్కకు వందనాలు.

నీళ్ళు దిగాయి. బాతులను లెక్క చూసుకొని దొడ్డి విప్పుతున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి మీ గేటు దగ్గర ఉంటాను. వరమ్మ ఎండు చేపలు కట్టి ఇచ్చింది. సుగుణకు ఇష్టమని కొరమేను కూడా తెస్తున్నాను.

పొడికి తగ్గిన పురుగు మళ్ళీ రాదని ఏముంది? నీ మేనేజరు గారి పొడి ఆయన దగ్గరే ఉండనీ. నా బాతులు తోటలోకి వస్తే దొరసాని బంగళాకు మైల పడుతుందేమోనని నీకు సంకోచం. నేను వాటిని వరసగా నడిపిస్తాను, బడిపిల్లల్లాగా. చూడు.

తమ్ముడు,
క్రీస్తుదాసు.


దెందులూరు,
15-12-1934, శనివారం.

అక్కా,

ఈ చీటీ బండి ఏడుకొండలు తెస్తాడు. అతను ఏలూరులో సరుకు దించి మళ్ళీ ఇటే వస్తాడు. బదులు అతని చేతనే పంపు.

తెల్లవారేసరికి బాతులు పడి ఉన్నాయి. కొన్ని అప్పటికే పోయాయి. కొన్ని మెడ వాల్చి కాళ్ళు ఈడుస్తున్నాయి. పచ్చగా పారుకుంటున్నాయి. తెగులు నేను చూశాను. తెగులైతే ఇలా ఒక్కసారిగా పడవు. నీ దగ్గర నుంచి ఇక్కడి దాకా కాలవ నీళ్ళు తప్ప వాటికి ఏమీ పెట్టలేదు.

నిన్న నేను కొమ్మలు దులుపుతుంటే నువ్వు మజ్జిగ గ్లాసుతో వచ్చి, "చాలు తమ్ముడూ, తోలెయ్యి" అన్నావు. "కడుపు నిండా తిననీ అక్కా" అని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. వరండాలో మీ మేనేజరు గారు కూర్చొని ఉన్నారు. ఎందుకు తోలెయ్యమన్నావో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మెడ వాల్చినవాటిని చావకముందే కోసేశాను. మా పనిలో అదే పద్ధతి, నీకు తెలుసు. పారేయడానికి మనసొప్పక ఇక్కడి పేటలో కోతవాళ్ళకు పంచాను. రేపు ఆదివారమని సంతోషంగా పట్టుకెళ్ళారు. కొందరు ఇవాళే పొయ్యి మీద పెడుతున్నారు.

క్రీస్తుదాసు.


ఏలూరు,
15-12-1934.

క్రీస్తుదాసూ,

ఆ మాంసం ఎవరినీ తిననివ్వకు. ఇది చదవగానే లేచి వెళ్ళు. వండినవాళ్ళ కుండలు గుమ్మరించు. గోతిలో పూడ్చు. కుక్కలకు కూడా వెయ్యనివ్వకు. తిన్నవాళ్ళుంటే ఉప్పునీళ్ళు తాగించి కక్కించు.

ఆ పొడిలో పాషాణం ఉంది. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది. "ఇది బడిపిల్లలు తిరిగే చోటు. బయటికి పొక్కితే నాకు మాట వస్తుంది. మీకూ వస్తుంది హన్నమ్మ గారూ" అని సత్యానందం గారు చెప్పి ఇచ్చారు. అందుకే నీకు పొడి అని రాశాను గాని ఏం పొడో రాయలేదు. మొదట చల్లింది వానకు కడుక్కుపోయి ఉంటుంది. కాని వాన తరువాత పురుగు మళ్ళీ కనబడితే గురువారం ఇంకోసారి చల్లాను. పొడి మూటకట్టి చల్లిన గుడ్డను కాళ్ళు కడుక్కునే తొట్టిలో జాడించాను. నువ్వు కొమ్మలు దులుపుతుండగా నీ బాతులు ఆ తొట్టిలో తాగాయి. నేను గుమ్మంలో నుంచి చూశాను.

ఆయన వరండాలో ఉన్నారు. అందుకని తోలెయ్యమన్నాను గాని ఎందుకో చెప్పలేదు.

ఏడుకొండలు నిలబడి ఉన్నాడు. ఇంకేమీ రాయలేను. సత్యానందం గారి పేరు మాత్రం అక్కడ ఎత్తకు.

హన్నమ్మ.


దెందులూరు,
18-12-1934.

అక్కకు,

నీ చీటీ సాయంత్రానికి అందింది. ఇంటింటికీ వెళ్ళాను. సువార్తమ్మ అనే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంటయ్యా, పొద్దున ఇచ్చేదీ నువ్వే, పొద్దుగూకేసరికి లాక్కునేదీ నువ్వేనా? మీ కొల్లేటోళ్ళ మర్యాద ఇదా?"

"విషం తగిలిన మాంసం వదినా."

"అయితే మాకెందుకు ఇచ్చావు? మా పిల్లలేం పురుగులా?"

కుండ ఆవిడే తెచ్చి నా కాళ్ళ దగ్గర కుమ్మరించింది.

అహరోను తాత అప్పటికే కార్జం కాల్చుకొని తిన్నాడు. ఉప్పునీళ్ళు తాగించాము. చీకటి పడేదాకా కక్కుతూనే ఉన్నాడు. ఇప్పుడు గంజి తాగుతున్నాడు. "ఈ ఏడాదికి ఒక్క మంచి ముక్క నోట్లో పడిందనుకుంటే అదీ బయటికి లాగావురా" అంటున్నాడు. అతను నవ్వాడు కాబట్టి పేటవాళ్ళు నన్ను కొట్టలేదు.

ఊళ్ళో మాత్రం నా మందకు తెగులని పుకారు పుట్టింది. బంగార్రాజు గారు కళ్ళం దగ్గరికి పిలిపించారు.

"క్రీస్తుదాసూ, నా పశువులు మేసేదీ ఆ మడుల్లోనే. మిగిలిన బాతులను గట్టు దిగనివ్వకు."

"తెగులు కాదండీ. ఏలూరులో పురుగుమందు తిన్నాయండీ."

"ఎవరన్నారు?"

"మా అక్కండీ. చల్లింది ఆవిడేనండీ. ఇదిగోండి చీటీ."

"చీటీ ఎవరైనా రాస్తారు. ఆవిడను వచ్చి చెప్పమను. చల్లిన మనిషి నా ఎదుట నిలబడి చెబితే నమ్ముతాను. నీ మంద దిగుతుంది."

సగానికి పైగా పోయాయి. మిగిలినవి బాగానే తిరుగుతున్నాయి. వాటినైనా చేలోకి దింపాలి. దెందులూరు మీకు ఒక్క స్టేషను దూరం. నువ్వు వచ్చి ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళు.

క్రీస్తుదాసు.


ఏలూరు,
22-12-1934.

తమ్ముడికి హన్నమ్మ దీవెనలు.

అహరోను గారు లేచి తిరుగుతున్నారా? రాయి. రోజూ ప్రార్థనలో తలచుకుంటున్నాను. ఆ తొట్టి కడిగించి బోర్లించాను. డబ్బా తిరిగి ఇచ్చేశాను.

ఇక్కడ క్రిస్మసు పనుల్లో తల ఎత్తడానికి లేదు. పిల్లలకు గౌన్లు కుట్టాలి. సుగుణకు లెక్కల్లో మొదటి మార్కు వచ్చింది. గులాబీలు మొగ్గ తొడిగాయి. దొరసాని గారు ఓడ ఎక్కినట్టు కబురు వచ్చింది. జనవరి మొదటి వారంలో దిగుతారు.

నిన్న సత్యానందం గారు పిలిచి, "మీ తమ్ముడి బాతులకు తెగులటగా పాపం. కొల్లేరు నీళ్ళలో ఎప్పుడూ ఉండేదే కదండీ" అన్నారు. నా ముఖం వైపు చూస్తూనే అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు.

ఇప్పుడు దెందులూరు వచ్చి పదిమందిలో చెబితే ఆ మాట నాకంటే ముందు ఏలూరు వస్తుంది. దొరసాని గారు దిగకముందే నన్ను బయట పెడతారు. ఆవిడ వచ్చి మొక్కలు చూసి, గది సంగతి తేలనీ. ఆ మర్నాడే వస్తాను. కొద్ది రోజులు ఓపిక పట్టు. పొలాలు ఎక్కడికీ పోవు కదా.

అక్క,
హన్నమ్మ.


దెందులూరు,
29-12-1934.

అక్కకు,

పొలాలు పోవు. గింజ పోతుంది. రోజూ పిట్టలు తింటున్నాయి, ఎలుకలు తింటున్నాయి. కొన్ని మడులు అప్పుడే మినుము మొలకెత్తి పచ్చగా ఉన్నాయి.

బాతులను కాలవ గట్టు మీద దడి కట్టి ఆపాను. నత్తలు ఏరి పెడుతున్నాను. అవి చేను చూసి అరుస్తాయి. గుడ్లు పెట్టడం మానేశాయి. గణపవరం వైపు నుంచి ఇంకో మంద అతను వచ్చి బంగార్రాజు గారితో మాట్లాడి వెళ్ళాడు. ఆయన ఇంకా ఔనని చెప్పలేదు. "మీ అక్క ఎప్పుడు వస్తుందోయ్?" అని రోజూ అడిగేవారు. నేను "వస్తుందండీ" అనేవాణ్ణి. ఇప్పుడు ఆయన అడగడం కూడా మానేశారు.

పండుగకు ఇంటికి వెళ్ళలేదు. వరమ్మకు కబురు పంపితే తిరిగి ఒక్క మాట పంపలేదు. నిన్ను ఏదైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

శుక్రవారం దాకా ఆగమని బంగార్రాజు గారిని అడిగాను. అంతదాకా చూస్తాను.

గులాబీలు మొగ్గ తొడిగాయని రాశావు. సంతోషం.

క్రీస్తుదాసు.


తాడేపల్లిగూడెం,
8-1-1935.

తమ్ముడికి,

ఇక్కడ బడిలో పని చేసే కనకమ్మ ఇంట్లో ఉండి రాస్తున్నాను. కుట్టుపని ఏదైనా చూస్తానన్నది. ఉత్తరం కొల్లేటికి పంపుతున్నాను.

దొరసాని గారు గురువారం మధ్యాహ్నం దిగారు. కాళ్ళయినా కడుక్కోకుండా తోటలోకి వచ్చారు. చెట్లన్నీ పూసి ఉన్నాయి. ఒక పువ్వును చేత్తో తిప్పి చూసి, సత్యానందం గారు వింటుండగా, "హన్నమ్మా, గది నీదే" అన్నారు. ఆ మాట వినగానే నీ సంగతి చెప్పాలని ముందే అనుకున్నాను. విన్నాక నోరు రాలేదు. కాగితం శుక్రవారం తయారవుతుందన్నారు. అయ్యాక చెబుదామనుకున్నాను. శుక్రవారం కాలేదు, శనివారం అన్నారు. శనివారం కాగితం చేతికి వచ్చింది. అప్పుడూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున గుడి బల్ల మీదికి గులాబీలు కోస్తున్నాను. సుగుణ బుట్ట పట్టుకొని ఉంది.

"మామయ్య సంగతి చెప్పావా అమ్మా?" అంది.

"చెబుతాను."

"రోజూ అదే అంటున్నావు. గది కోసమైతే, వచ్చేసింది కదా. ఇంక దేనికి ఆగావు?"

పిల్ల కోపంగా అనలేదు. మామూలుగానే అడిగింది. నేను కత్తెర దాని బుట్టలో పెట్టి, ఆరాధన కూడా కాకముందే బంగళాకు వెళ్ళి దొరసాని గారికి మొత్తం చెప్పాను. ఆవిడ సత్యానందం గారిని పిలిపించారు. "నేను తెప్పించిన మాట నిజమేనండీ. జాగ్రత్తలన్నీ చెప్పే ఇచ్చానండీ" అన్నారు ఆయన. అదీ నిజమే. తొట్టిలో జాడించమని ఆయన చెప్పలేదు.

దొరసాని గారు నన్ను ఒక్కటే అడిగారు. "ఆ తొట్టిలో బోర్డింగు పిల్లలు కాళ్ళు కడుక్కుంటారు కదా?"

కడుక్కుంటారన్నాను. బాతులు పడిపోయాక గాని నాకు ఆ సంగతి తోచలేదని కూడా చెప్పాను. ఆవిడ కాగితం ఇచ్చెయ్యమన్నారు. సుగుణ పరీక్ష అయ్యేదాకా బోర్డింగులో ఉండవచ్చునన్నారు. నన్ను మాత్రం పిల్లలున్న చోట ఉంచలేనన్నారు. నేను బతిమాలలేదు.

నిన్న దెందులూరులో దిగి కళ్ళం దగ్గర బంగార్రాజు గారిని కలిశాను. నలుగురూ ఉన్నారు. "మందు చల్లింది నేనేనండీ. తొట్టిలో కలిపిందీ నేనేనండీ. నా తమ్ముడి బాతులకు ఏ తెగులూ లేదండీ" అని చెప్పాను. ఆయన నన్ను కూర్చోమని, ఒక మనిషిని పంపి సువార్తమ్మను, అహరోను గారిని కూడా పిలిపించి మళ్ళీ చెప్పించారు. చెప్పాను. సువార్తమ్మ, "ఈ మాట చెప్పడానికి నెల పట్టిందా అమ్మా?" అన్నది. అహరోను గారు కర్ర పట్టుకొని నడుస్తున్నారు.

బంగార్రాజు గారు చేల వైపు చూపించారు. మడుల్లో వేరే మంద మేస్తున్నది. "నిన్న పొద్దున్నే దిగిందమ్మా. శుక్రవారం దాకా ఆగాను. వచ్చే ఏడు మీ తమ్ముణ్ణే రమ్మంటున్నానని రాయండి" అన్నారు. రాస్తున్నాను. ఆ మాట నేను అడగలేదు. ఆయనే అన్నారు.

కాలవ గట్టున నీ దడి కర్రలు పీకిన గుంటలు చూశాను. నువ్వు శనివారం పొద్దున్నే మందను తోలుకొని వెళ్ళిపోయావని ఏడుకొండలు చెప్పాడు.

నా గదిలో సత్యానందం గారి బావమరిది దిగాడు. నేను ఏలూరు విడిచింది సోమవారం, పొద్దుటి పాసింజరుకు. ఆ బండి శుక్రవారం కూడా ఉంది.

హన్నమ్మ.